ద్రవ్యవేగము ఎప్పుడు నిత్యము, ఎప్పుడు కాదు? – మన బోధనపై ఒక విమర్శ

హైస్కూలులో నేర్చిన భౌతికశాస్త్ర నియమములలో విద్యార్థులకు బాగుగా కంఠస్థమై, బొత్తిగా బోధపడనిది ఏది యని అడిగినచో ద్రవ్యవేగ నిత్యత్వ నియమమనియే చెప్పవలసియుండును. ఇంటర్మీడియటు తరగతిలో చేరిన విద్యార్థిని ఈ నియమము చెప్పుమన్నచో తడుముకొనక అప్పగించును. వెంటనే మూడు చిన్న ప్రశ్నలు వేసి చూడుడు. చేతినుండి జారిన రాయి క్షణక్షణమునకు వేగము హెచ్చి పడుచున్నది గదా, దానికి ద్రవ్యవేగము ఎక్కడినుండి వచ్చుచున్నది? గచ్చునేలపై దొర్లించిన గోళీ కొంతదూరము పోయి ఆగినది గదా, దాని ద్రవ్యవేగము ఏమైనది? గోడకు కొట్టిన బంతి అదే వడితో తిరిగి వచ్చినది గదా, దాని ద్రవ్యవేగము మారినదా, లేదా?

వచ్చు సమాధానములు సాధారణముగా ఇట్లుండును. రాతి విషయమున విద్యార్థి ఊరకుండును. లేదా, ఈ నియమము ఆదర్శ పరిస్థితులకే గాని నిత్యజీవితమునకు వర్తింపదనును. గోళీ ద్రవ్యవేగము ఘర్షణవలన వేడిగా మారినదనును. బంతి వడి మారలేదు కాబట్టి ద్రవ్యవేగము మారలేదనును. ఈ సమాధానములలో ఏదియు నిలువదు. తెలివిగల పిల్లలు కూడ ఒకేరీతిగా ఈ తప్పులు చేయుచున్నప్పుడు, లోపము పిల్లలలో గాక మనము చెప్పు తీరులోనే వెదకవలెను. ఆ లోపములను ఒక్కొక్కటిగా పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పదములు తెచ్చిన చిక్కు

నియమము పేరులోనే రెండు చిక్కులున్నవి. మొదటిది 'వేగము' అను మాట. శాస్త్రగ్రంథములలో 'వడి' యనగా వస్తువు ఎంత త్వరగా పోవుచున్నదో చెప్పునది. 'వేగము' అనగా దానితోపాటు దిశను కూడ చెప్పునది. వాడుకభాషలో ఈ భేదము లేదు. బస్సు వేగముగా పోవుచున్నదన్నప్పుడు ఎవరును దిశను తలపరు. కావున ద్రవ్యరాశిని వేగముచే గుణించినచో ద్రవ్యవేగము వచ్చునని చెప్పగానే, విద్యార్థి రెండు సంఖ్యలను గుణించి తృప్తిపడును.

150 గ్రాముల బంతి సెకండుకు 10 మీటర్ల వేగముతో గోడను తాకి, అదే వడితో వెనుకకు వచ్చినదనుకొందము. గోడవైపు దిశను ధనముగా తీసికొన్నచో తొలి ద్రవ్యవేగము +1.5, తుది ద్రవ్యవేగము –1.5. మార్పు 3 ప్రమాణములు. (ఈ వ్యాసములో ద్రవ్యవేగమును కిలోగ్రాములు, మీటర్లు, సెకండులలోనే లెక్కించి, క్లుప్తత కొరకు 'ప్రమాణములు' అని వ్రాయుచున్నాను.) అంతే ద్రవ్యరాశి, అంతే వేగముగల బంకమట్టి ముద్ద గోడను తాకి అంటుకొనిపోయినచో మార్పు 1.5 ప్రమాణములు మాత్రమే. అనగా అంటుకొన్న ముద్దకంటె తిరిగివచ్చిన బంతియే గోడకు రెట్టింపు ద్రవ్యవేగము నిచ్చినది. దిశను మరచిన విద్యార్థికి ఇది తలక్రిందులుగా కనబడును.

రెండవ చిక్కు 'నిత్యత్వము' అను మాటలో ఉన్నది. తెలుగులో 'నిత్యము' అన్నచో ఎల్లప్పుడు ఒకేతీరుగా నుండునది అని అర్థము స్ఫురించును. కాని ఈ నియమములో రెండు వేర్వేరు సంగతులు కలిసియున్నవి. ద్రవ్యవేగము శూన్యమునుండి పుట్టదు, శూన్యములో కలియదు. ఒక వస్తువు పోగొట్టుకొన్నదానిని వేరొకటి పొందును. ఇది మొదటి సంగతి. దీనికి మినహాయింపు లేదు. మనము ఎంచుకొన్న కొన్ని వస్తువుల సముదాయములో మొత్తము ద్రవ్యవేగము మారకుండుట రెండవ సంగతి. బయటినుండి పనిచేయు బలముల ఫలితము సున్న అయినప్పుడే ఇది జరుగును. మొదటిదానిని నిత్యత్వమని, రెండవదానిని స్థిరత్వమని పిలిచినచో సగము గందరగోళము తీరును. రెండింటికి ఒకే పేరు పెట్టి, 'బాహ్యబలము లేనప్పుడు' అను షరతును వాక్యము చివర తగిలించుటచేత పిల్లలు షరతును మరచి వాక్యమునే పట్టుకొనుచున్నారు.

చెరువును దృష్టాంతముగా తీసికొనవచ్చును. చెరువులోని నీరు తనంతట పుట్టదు. ఐనను వాగు వచ్చి కలిసినచో నీటిమట్టము పెరుగును. తూము తెరచినచో తగ్గును. మట్టము తగ్గినదని చూచి నీరు నశించినదని ఏ రైతును అనుకొనడు. ఏ పొలమునకు పారినదో పోయి చూచును. మనము ఎంచుకొన్న వస్తుసముదాయమును శాస్త్రములో 'వ్యవస్థ' యందురు. దాని హద్దు చెరువు గట్టు వంటిది. బాహ్యబలములు వాగులు, తూములు. బలమును అది పనిచేసిన కాలముచే గుణించగా వచ్చు 'ప్రచోదనము' ఆ తూముగుండ పారిన ద్రవ్యవేగపు పరిమాణము. వ్యవస్థలోని ద్రవ్యవేగపు మార్పు ఎల్లప్పుడు బాహ్యప్రచోదనమునకు సమానము. అసలు నియమము ఇదియే. బాహ్యప్రచోదనము సున్న అయినప్పుడు మార్పు సున్న యనుట దీనిలోని ఒక ప్రత్యేక సందర్భము. మనము ఆ ప్రత్యేక సందర్భమును మాత్రము నేర్పి, అసలు నియమమును విడిచిపెట్టుచున్నాము.

డేకార్ట్ చేసిన తప్పు

దిశను విడుచుట క్రొత్త తప్పు కాదు. ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్ట్ 1644లో ప్రకటించిన 'తత్త్వశాస్త్ర సూత్రములు' అను గ్రంథమున ప్రపంచములోని మొత్తము 'చలన పరిమాణము' మారదని ప్రతిపాదించెను. అభిప్రాయము గొప్పది. కాని ఆయన వస్తుపరిమాణమును వడిచే గుణించెనే గాని దిశను లెక్కకు తీసికొనలేదు. ఫలితముగా అభిఘాతములను గూర్చి ఆయన వ్రాసిన ఏడు సూత్రములలో చాలవరకు తప్పిపోయినవి. నాలుగవ సూత్రము ప్రకారము చిన్నవస్తువు ఎంత వడిగా వచ్చి తాకినను, నిశ్చలముగానున్న పెద్దవస్తువును కదల్చలేదు. పెద్ద గోళీని చిన్న గోళీతో కొట్టిచూచిన ఏ పిల్లవాడైనను దీనిని ఖండింపగలడు.

ఈ విషయమును తేల్చవలసినదిగా లండనులోని రాయల్ సొసైటీ కోరగా, 1668–69లో వాలిస్, రెన్, హైగెన్స్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు అభిఘాత నియమములను పంపిరి. ఎదురెదురు దిశలకు ధన, ఋణ చిహ్నములు పెట్టి కూడినచో మొత్తము మారదని అప్పుడు స్పష్టమైనది. న్యూటన్ 'ప్రిన్సిపియా' గ్రంథము వెలువడినది 1687లో. అనగా దిశను చేర్చిన తరువాతనే నియమము నిలబడినది. ఈ చరిత్రను ఉపాధ్యాయుడు ఐదు నిమిషములలో చెప్పవచ్చును. అంతటి మేధావి తొట్రుపడినచోటనే తామును తొట్రుపడుచున్నామని తెలిసినప్పుడు పిల్లలకు సిగ్గుపోయి శ్రద్ధ కలుగును.

గట్టు ఎక్కడ వేసితిమి?

పాఠ్యగ్రంథములందు పడవ ఉదాహరణము తరచుగా కనబడును. 50 కిలోగ్రాముల మనిషి 100 కిలోగ్రాముల పడవపైనుండి ఒడ్డుకు సెకండుకు 2 మీటర్ల వేగముతో దూకినచో, పడవ సెకండుకు 1 మీటరు వేగముతో వెనుకకు పోవును. లెక్క సరియైనదే. దూకుటకు పట్టు స్వల్పకాలములో నీటి నిరోధము తెచ్చు మార్పు చాల తక్కువ గనుక దానిని విడువవచ్చును. కాని ఇక్కడితో ఆగుట మన లోపము. అదే పడవను గట్టి తాడుతో రేవులోని గుంజకు, వెనుకకు కదలకుండ, బిగించి కట్టినచో ఏమగును? మనిషి అదే 2 మీటర్ల వేగముతో దూకినను పడవ కదలదు. దూకకముందు మొత్తము సున్న. దూకినపిమ్మట మనిషికి 100 ప్రమాణములు, పడవకు సున్న. మనిషి, పడవ అను వ్యవస్థలో ద్రవ్యవేగము స్థిరముగా లేదు. తాడు బయటిది, దానిగుండ 100 ప్రమాణములు గుంజకు, గుంజనుండి భూమికి ఎదురు దిశలో పోయినవి. ఈ రెండవ ప్రశ్నను మొదటిదాని ప్రక్కనే అడిగినచో 'వ్యవస్థ' అను మాటకు ప్రాణము వచ్చును.

ఇదే దృష్టితో మొదట వేసిన ప్రశ్నలను చూతము. ఒక కిలోగ్రాము రాయి పడునప్పుడు సెకండు సెకండునకు 9.8 ప్రమాణముల ద్రవ్యవేగమును పొందుచున్నది. రాయి ఒక్కటియే వ్యవస్థ యైనచో భూమ్యాకర్షణ బాహ్యబలము. ద్రవ్యవేగము స్థిరము కాదు, కానక్కరలేదు. రాతిని, భూమిని కలిపి వ్యవస్థగా తీసికొన్నచో రాయి భూమివైపు పొందినంత ద్రవ్యవేగమును భూమి రాతివైపు పొందుచున్నది, మొత్తము మారదు. భూమి ద్రవ్యరాశి సుమారు 6 × 10²⁴ కిలోగ్రాములు. కావున ఆ 9.8 ప్రమాణములవలన భూమికి కలుగు వేగము సెకండుకు సుమారు 1.6 × 10⁻²⁴ మీటరు. ఇది కొలతకు అందదు. భూమి కదలిక కనబడనంత మాత్రమున ద్రవ్యవేగము తక్కువ కాదు; రెండును సరిసమానమే.

గోళీ ద్రవ్యవేగము వేడిగా మారినదనుట మరింత లోతైన పొరపాటు. వేడిగా మారినది గతిజశక్తి. వేడి యనగా అణువులు అన్ని దిక్కులకు చిందరవందరగా కదలుట; ఆ కదలికల ద్రవ్యవేగములను దిశలతో కూడినచో మొత్తము సున్న. కావున ద్రవ్యవేగము వేడిలో దాగుకొనుటకు చోటులేదు. అది ఘర్షణద్వారా నేలకు, అనగా భూమికి, పోయినది. శక్తికి ఎన్నో రూపములున్నవి; ఒకటి మరియొకటిగా మారును. ద్రవ్యవేగము రూపము మార్చదు. చేతులు మాత్రము మారును. ఈ ఒక్క భేదమును నల్లబల్లపై వ్రాసియుంచినను చాలును.

న్యూటన్ మూడవ నియమము విషయమున కూడ ఒక హెచ్చరిక అవసరము. చర్య, ప్రతిచర్యలు సమానములు, వ్యతిరేకములు గనుక ఒకదానినొకటి రద్దుచేసికొనునని చెప్పి ఊరకున్నచో, 'అట్లైనచో ఏదియు కదలరాదు గదా' యని తెలివిగల విద్యార్థి ప్రశ్నించును. అవి వేర్వేరు వస్తువులపై పనిచేయును. ఆ రెండు వస్తువులును మన గట్టులోపల ఉన్నప్పుడే మొత్తపు లెక్కలో అవి రద్దగును. ఒకటి లోపల, ఒకటి బయట ఉన్నచో లోపలి వస్తువుపై పనిచేయునది బాహ్యబలము.

క్షణకాలపు లెక్క

'ఘర్షణ ఉన్నచోట ఈ నియమము పనికిరాదు' అనువారికి క్యారమ్ బల్ల మంచి సమాధానము. 15 గ్రాముల స్ట్రైకరు సెకండుకు 2 మీటర్ల వేగముతో పోయి కాయను తాకినదనుకొందము. దాని ద్రవ్యవేగము 0.03 ప్రమాణములు. పౌడరు చల్లిన బల్లపై ఘర్షణగుణకము 0.15 అనుకొన్నచో ఘర్షణబలము సుమారు 0.022 న్యూటనులు. తాకిడి సెకండులో వెయ్యవవంతు కాలము జరిగినదనుకొన్నను, ఆ వ్యవధిలో ఘర్షణ తీసికొనిపోవు ద్రవ్యవేగము 0.000022 మాత్రమే, మొత్తములో వెయ్యవవంతు కూడ కాదు. కావున తాకిడికి సరిగా ముందును, సరిగా తరువాతను చూచినచో నియమము చక్కగా సరిపోవును. అదే స్ట్రైకరు దేనికిని తగులక బల్లపై ఒక సెకండు జారినచో ఘర్షణ దాని ద్రవ్యవేగములో మూడింట రెండువంతులకు పైగా లాగుకొనును.

ఘర్షణ అదియే, బల్ల అదియే. మారినది కాలవ్యవధి. ఆ తాకిడిలో కాయకు, స్ట్రైకరుకు నడుమ పుట్టు బలము చాల పెద్దది, వ్యవధి చాల చిన్నది. ఘర్షణ ఆ వ్యవధిలో చేయగల హాని నామమాత్రము. కాబట్టి అడుగవలసిన ప్రశ్న 'బాహ్యబలమున్నదా?' అని కాదు. 'మనము చూచు కాలములో బాహ్యప్రచోదనము లెక్కింపదగినంత ఉన్నదా?' అని. ఈ ప్రశ్న మన అభ్యాసములలో ఎక్కడను కనబడకపోవుట పెద్దలోపము.

ఒక దిక్కున స్థిరము, మరియొక దిక్కున కాదు

పట్టాలపై 30 టన్నుల గూడ్సుపెట్టె ఒకటి ఇంజను లేకుండ సెకండుకు 2 మీటర్ల వేగముతో దొర్లుచున్నది. ఘర్షణను విడుతము. పైనున్న తొట్టినుండి నిట్టనిలువుగా 10 టన్నుల ధాన్యము అందులో పడినది. ధాన్యము క్రిందికి పడు ద్రవ్యవేగము పట్టాలద్వారా భూమికి పోయినది. ఆ నిలువు దిశలో స్థిరత్వము లేదు. అడ్డముగా పనిచేయు బాహ్యబలము లేదు గనుక ఆ దిశలో మొత్తము స్థిరము. 30,000 × 2 = 60,000 ప్రమాణములను ఇప్పుడు 40,000 కిలోగ్రాములు పంచుకొనవలెను. వేగము సెకండుకు 1.5 మీటర్లగును. ఇంతవరకు విద్యార్థులు బాగుగనే చేయుదురు.

ఇప్పుడు పెట్టె అడుగున రంధ్రము పడి ఆ 10 టన్నులును మెల్లగా కారిపోయినచో వేగమెంత? ద్రవ్యరాశి తగ్గినది గనుక వేగము మరల 2 మీటర్లగునని చాలమంది వ్రాయుదురు. ఇది సూత్రమును కంఠస్థము చేసినందువలన కలిగిన తప్పు. పెట్టెను విడిచిన ప్రతి గింజయు పెట్టెతో సమానమైన అడ్డువేగముతోనే క్రిందికి జారుచున్నది. అనగా తన వంతు ద్రవ్యవేగమును తనతోనే తీసికొనిపోవుచున్నది. గింజ పెట్టెను ముందుకు నెట్టలేదు, వెనుకకు లాగలేదు. కావున వేగము 1.5 మీటర్లుగానే ఉండును. 'ద్రవ్యరాశి × వేగము స్థిరము' అను సూత్రములో ద్రవ్యరాశి ఎవరిది అను ప్రశ్న వేసికొనని వానికి ఈ చిక్కు విడదు. చెరువునుండి పారిపోయిన నీటిని విడిచి, మిగిలిన నీటితో పాతలెక్క సరిచూచుట వంటిదే ఇది.

రెండు నియమముల కలగాపులగము

బందూకు గుండు వేగము కొలుచుటకై ఇంగ్లండులో బెంజమిన్ రాబిన్స్ 1742లో ప్రకటించిన గ్రంథమున 'ప్రాక్షేపిక లోలకము' అను సాధనమును వర్ణించెను. వ్రేలాడు కొయ్యదిమ్మెలోనికి గుండును కాల్చి, దిమ్మె ఎంత ఊగినదో కొలిచి, గుండు వేగమును గణించుట దీని పద్ధతి. నిత్యత్వ నియమములను విడివిడిగా గుర్తించుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు.

గుండు 10 గ్రాములు, వేగము సెకండుకు 400 మీటర్లు, గుండు గ్రుచ్చుకొన్నపిమ్మట దిమ్మె మొత్తము 4 కిలోగ్రాములు అనుకొందము. గ్రుచ్చుకొను క్షణమున ద్రవ్యవేగము స్థిరము: 0.01 × 400 = 4 ప్రమాణములు; కావున దిమ్మె వేగము సెకండుకు 1 మీటరు. గతిజశక్తి అప్పుడు స్థిరము కాదు. ముందు 800 జౌలులు. తరువాత 2 జౌలులు. తక్కిన 798 జౌలులు కొయ్యను చీల్చుటలోను, వేడిచేయుటలోను ఖర్చైనవి. ఆపైన దిమ్మె ఊగునప్పుడు లెక్క తిరుగబడును. భూమ్యాకర్షణ, త్రాటి బిగువు బాహ్యబలములు గనుక ద్రవ్యవేగము క్షణక్షణము మారి, పైకొసన సున్న అగును. యాంత్రికశక్తి మాత్రము స్థిరము. దానినిబట్టి దిమ్మె సుమారు 5 సెంటీమీటర్లు పైకి లేచును.

మొదటినుండి చివరవరకు శక్తి నియమమునే వాడిన విద్యార్థికి ఎంత వచ్చును? 800 జౌలులతో 4 కిలోగ్రాములు లేచు ఎత్తు 20 మీటర్లకు పైగా! ఆరేడు అంతస్తుల ఎత్తునకు కొయ్యదిమ్మె లేచినదని వ్రాసియు వానికి సందేహము కలుగదు. సంఖ్యను లోకముతో పోల్చిచూచు అలవాటు మనము చేయలేదన్నమాట. సమస్యలో మొదటి సగమున ద్రవ్యవేగము స్థిరము, శక్తి కాదు. రెండవ సగమున శక్తి స్థిరము, ద్రవ్యవేగము కాదు. ఏది ఎక్కడ అని అడుగక జవాబుకు మాత్రమే మార్కులు వేయు పరీక్ష ఈ వివేకమును నేర్పజాలదు.

పత్రికాసంపాదకుని పాఠము

ఈ అవగాహన లోపించినచో ఎంతటివారైనను నవ్వులపాలగుదురనుటకు చరిత్రలో సాక్ష్యమున్నది. అమెరికా శాస్త్రజ్ఞుడు గొడార్డ్ రాకెట్టుతో చంద్రునివరకు పోవచ్చునని సూచింపగా, 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ పత్రిక సంపాదకీయములో ఆయనను ఎత్తిపొడిచెను. శూన్యములో నెట్టుటకు ఏమియు లేదు గనుక రాకెట్టు అక్కడ పనిచేయదనియు, హైస్కూళ్లలో నేర్పు పాఠము కూడ ఆయనకు తెలియదనియు ఆ వ్రాత సారాంశము. నిజమునకు ఆ పాఠము తెలియనిది సంపాదకునికే. రాకెట్టు గాలిని నెట్టదు. తనలోని వాయువులను వెనుకకు నెట్టును. వాయువులు వెనుకకు తీసికొనిపోయినంత ద్రవ్యవేగము రాకెట్టునకు ముందుకు వచ్చును. గాలి అడ్డమే గాని ఆధారము కాదు. 1969 జూలై 16న అపోలో–11 చంద్రునివైపు బయలుదేరగా, మరునాడు ఆ పత్రిక తన పొరపాటును సవరించుకొన్నది. గొడార్డ్ 1945లోనే మరణించెను.

ఇక్కడను గట్టు సంగతి మరువరాదు. 2023 జూలై 14న శ్రీహరికోటనుండి చంద్రయాన్–3ను మోసికొని రాకెట్టు లేచినప్పుడు, రాకెట్టు ద్రవ్యవేగము పెరిగినది. వాయువులను కలుపుకొన్నను మొత్తము స్థిరము కాదు, ఏలన భూమి రెండింటిని క్రిందికి లాగుచునే యున్నది. భూమిని, వాతావరణమును కూడ కలుపుకొన్నప్పుడే లెక్క సరిపోవును. 'రాకెట్టు ద్రవ్యవేగ నిత్యత్వముపై పనిచేయును' అను ఏకవాక్య సమాధానము సరిపోదనుట ఇందుకే.

ఇంకొక ఉదాహరణము ఇటీవలిది. 2022 సెప్టెంబరు 26న 'డార్ట్' అను అమెరికా నౌక సుమారు 580 కిలోగ్రాముల ద్రవ్యరాశితో, సెకండుకు సుమారు 6 కిలోమీటర్ల వేగముతో పోయి, డైమార్ఫస్ అను చిన్న గ్రహశకలమును కావలెననియే ఢీకొన్నది. డైమార్ఫస్ తన పెద్దశకలమైన డిడిమస్‌ను చుట్టివచ్చు కాలము 11 గంటల 55 నిమిషములనుండి సుమారు అరగంట తగ్గినది. శకలమునకు అందిన ద్రవ్యవేగము నౌక తెచ్చినదానికంటె మూడు రెట్లకు పైగా ఉండునని శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. శకలము సాంద్రత ఎంతయనుకొంటిమో దానినిబట్టి ఈ అంచనా కొంత మారును. తెచ్చినది ఒకవంతైనప్పుడు అందినది మూడువంతులెట్లు? నియమము తప్పినదా? తప్పలేదు. తాకిడికి లేచిన రాళ్లు, ధూళి నౌక వచ్చిన దిక్కునకే వెనుకకు చిమ్మినవి. అవి వెనుకకు తీసికొనిపోయినంత ద్రవ్యవేగము శకలమునకు ముందుకు అదనముగా వచ్చినది. గోడకు తగిలి తిరిగివచ్చిన బంతి సంగతియే పెద్దయెత్తున జరిగినది. భూమివైపు వచ్చు శకలములను ఏనాడైన తప్పించవలసివచ్చినచో ఈ లెక్కయే మనకు దిక్కు.

తలకు సంబంధించిన లెక్క

అంతరిక్షము దాక పోనక్కరలేదు. 'శిరస్త్రాణము ద్రవ్యవేగమును తగ్గించును' అని వ్రాయు విద్యార్థులున్నారు. మనిషి నిలువెత్తునుండి నేలపై పడిన తల సుమారు సెకండుకు 6 మీటర్ల వేగముతో నేలను తాకును. తల 5 కిలోగ్రాములనుకొన్నచో దానికున్న 30 ప్రమాణముల ద్రవ్యవేగము భూమికి పోయితీరవలెను. శిరస్త్రాణమున్నను, లేకున్నను ఆ 30 ఒకటే. భేదమంతయు కాలములో ఉన్నది. లెక్కకొరకు, ఉట్టితల సెకండులో వెయ్యింట 2 వంతుల కాలములో ఆగినదనుకొన్నచో సగటు బలము 15,000 న్యూటనులు. లోపలి మెత్త నలిగి ఆ కాలమును వెయ్యింట 8 వంతులకు పెంచినచో బలము 3,750 న్యూటనులు. తూము వెడల్పు తగ్గించి, పారు కాలము పెంచుటయే శిరస్త్రాణము చేయు పని. వదులుగా పెట్టుకొన్నది, మెత్త చెడినది ఈ పని చేయజాలదు. ఈ లెక్క పదవతరగతిలో ఒక్కసారి చేసినవాడు జరిమానాకు భయపడి గాక బుద్ధిపూర్వకముగా శిరస్త్రాణము ధరించును.

ఏమి చేయవలెను?

మూడవ నియమమునుండి ద్రవ్యవేగ నియమమును రాబట్టు పద్ధతి హైస్కూలునకు తగినదే. దానిని నేను తప్పుపట్టుట లేదు. కాని ద్రవ్యవేగ నియమము అంతకంటె విశాలమైనదని ఉపాధ్యాయుడైనను ఎరిగియుండవలెను. కాంతికి కూడ ద్రవ్యవేగమున్నదనియు, అది తాకిన వస్తువును నెట్టుననియు రష్యా శాస్త్రజ్ఞుడు లెబెదెవ్ 1901లో ప్రకటించిన ప్రయోగములు చూపినవి. ప్రకృతి నియమములు ఇక్కడ నొకతీరుగ, అక్కడ నొకతీరుగ ఉండవనుటకును, ద్రవ్యవేగ నిత్యత్వమునకును సంబంధమున్నదని 1918లో ఎమ్మీ నోయెథర్ సిద్ధాంతము తెలిపినది. ఇంతటి పునాదిగల నియమమును 'ఆదర్శ పరిస్థితులకు మాత్రమే' యని చెప్పుట అన్యాయము.

తరగతిలో చేయదగిన మార్పులు కష్టమైనవి కావు. ప్రతి సమస్యకును ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాయించవలెను. మన వ్యవస్థలో ఏయే వస్తువులున్నవి? బయటినుండి ఏయే బలములు పనిచేయుచున్నవి? ఏ దిశను గూర్చి మాటలాడుచున్నాము? ఎంతకాలమును చూచుచున్నాము, అంతలో బాహ్యప్రచోదనము లెక్కింపదగినదా? ఈ నాలుగును వ్రాసిన తరువాతనే సూత్రము. సూత్రము తరువాత, వచ్చిన సంఖ్య లోకములో సంభవమా యని ఒక్క వాక్యము.

పరీక్షలలో 'నియమమును నిర్వచించి ఋజువు చేయుము' అను ప్రశ్న ఉండవచ్చును గాని అది ఒక్కటియే ఉండరాదు. 'ఈ క్రింది ఐదు సందర్భములలో ద్రవ్యవేగము ఎక్కడ స్థిరము, ఎక్కడ కాదు? స్థిరము కానిచోట అది ఎవరికి పోయినది?' అను ప్రశ్న రావలెను. కట్టిన పడవ, కట్టని పడవ. ధాన్యము పడు పెట్టె, కారు పెట్టె. జారు స్ట్రైకరు, తాకు స్ట్రైకరు – ఇట్టి జంటలు పల్లెటూరి పాఠశాలకైనను అందుబాటులో ఉన్నవి. వీనికి ఖరీదైన పరికరములు అక్కరలేదు. ఒక క్యారమ్ బల్ల, రెండు గోళీలు, ఒక గుప్పెడు బంకమట్టి చాలును.

విద్యార్థులకు ఒక మాట. ద్రవ్యవేగము పోయినట్లు కనబడినప్పుడెల్ల నియమము తప్పినదని అనుకొనవలదు. లెక్కలో ఎవరినో మరచితిమని అనుకొనుడు. ఆ మరచినది ఒకప్పుడు తాడు, ఒకప్పుడు నేల, ఒకప్పుడు వెనుకకు చిమ్మిన ధూళి. గోళీ ఆగినచోటనే నిలిచి, దాని ద్రవ్యవేగము ఎవరికి అందినదో చెప్పగలిగిననాడు ఈ నియమము మీకు వచ్చినట్లే.